వ్రేలి వేగము – స్వర బలము

ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి కంచర్ల గోపన్న జన్మించిన గ్రామము. పదునేడవ శతాబ్దమునకు చెందిన ఈ మహనీయుడే భద్రాచల రామదాసుగా ప్రసిద్ధి కెక్కెను. ఆయన కీర్తనలు నేటికిని తెలుగునాట భజనగోష్ఠులలో వినబడుచున్నవి. తాళములు, మృదంగము మొదలగు వాద్యములకు తోడుగా తరువాతి కాలమున హార్మోనియము భజనలో చేరినది. ఇటీవల పలుచోట్ల విద్యుత్తుతో పనిచేయు కీబోర్డు, అనగా సింథసైజరు, ఆ స్థానమున కనబడుచున్నది.

చూపునకు రెండింటి మెట్లును ఒకే తీరున నుండును. కాని వాని స్వభావము వేరు. హార్మోనియమునకు గాలియే ప్రాణము. ఒక చేయి తిత్తిని నడపగా, గాలి రీడును కదలించి నాదము పుట్టించును. మెట్టు ఆ గాలికి దారి తెరచు తలుపు వంటిది మాత్రమే. దానిని మెల్లగా నొక్కినను, గట్టిగా కొట్టినను భేదము రాదు. తిత్తి ఒత్తిడిని బట్టియే స్వరము హెచ్చును, తగ్గును.

పియానో ఇందుకు భిన్నమైనది. సుమారు 1700 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున బార్తొలొమియో క్రిస్టోఫోరి అను వాద్యశిల్పి దానిని నిర్మించెను. అంతకు పూర్వమున్న హార్ప్సికార్డులో తీగ మీటబడుచుండెను. వ్రేలి బలమును బట్టి ధ్వని అంతగా మారెడిది కాదు. క్రిస్టోఫోరి చిన్న సుత్తులచే తీగలను కొట్టించెను. మెట్టు వేగముగా దిగినచో సుత్తియు వేగముగా తాకును, ధ్వని పెరుగును. మెల్లగా, బిగ్గరగా అను అర్థములు గల ఇటాలియను మాటలనుండియే ఆ వాద్యమునకు పేరు వచ్చినది.

సింథసైజరులో తీగయు లేదు, సుత్తియు లేదు. మరి వ్రేలి తీరు దానికెట్లు తెలియును? సాధారణముగా ప్రతి మెట్టు క్రిందను రెండు స్విచ్చులుండును. మెట్టు దిగునప్పుడు ఒకటి ముందుగను, మరియొకటి తరువాతను కలియును. ఆ రెండింటి నడిమి కాలమును యంత్రము కొలుచును. ఆ కాలము ఎంత తక్కువైన, వేగము అంత ఎక్కువ. 1983లో వెలువడిన మిడి అను ఒప్పందము ప్రకారము ఈ వేగము 1 నుండి 127 వరకు గల అంకెలలో తెలుపబడును. సున్న వచ్చినచో మెట్టును విడిచినట్లు భావింపబడును.

అయితే అందరి వ్రేళ్లును ఒకే తీరున నుండవు. లేత వ్రేళ్లు గల బాలిక వాయించినచో అంకెలు 20కిని 60కిని నడుమనే తిరుగవచ్చును. ఆమె స్వరము మృదంగధ్వనిలో మునిగిపోవును. హార్మోనియమునకు అలవాటుపడిన పెద్దలు మెట్టును గట్టిగా కొట్టినచో అంకెలు 127 దాపునకు పోయి, గాయకుని కంఠమే వినబడకపోవును. ఇందులో ఇరువురి విద్యకును లోపము లేదు. యంత్రమును చేతికి తగినట్లు సవరింపవలెను.

ఇందుకై పెక్కు కీబోర్డులలో కొన్ని ఏర్పాట్లు కలవు. మృదుస్పర్శ అను ఏర్పాటు తేలికగా తాకినను పెద్ద అంకె నిచ్చును. ఇది ఆ బాలికకు తగినది. కఠినస్పర్శలో గట్టిగా కొట్టిననే పెద్ద అంకె వచ్చును. ఇది బరువైన చేతికి తగినది. సామాన్యస్పర్శ ఈ రెండింటికిని నడిమిది. స్థిరస్పర్శలో ఎట్లు నొక్కినను అంకె ఒక్కటియే. కీబోర్డుపై హార్మోనియపు నాదమును పలికించునప్పుడు ఈ స్థిరస్పర్శ మేలు. ఏలయన, నిజమైన హార్మోనియమును మెట్టు వేగమును లెక్కింపదు. అప్పుడు ధ్వని హెచ్చుతగ్గులను పాదముతో నొక్కు పెడలు ద్వారా తెచ్చినచో, అది తిత్తి చేయు పనిని చేయును.

సవరించువారు ముందుగా సామాన్యస్పర్శలో ఒకే మెట్టును మిక్కిలి మెల్లగను, మామూలుగను, గట్టిగను పలుమార్లు నొక్కి చూడవలెను. మూడు విధములకును మూడు స్పష్టమైన ధ్వనులు వచ్చినచో మార్పు అక్కరలేదు. మెల్లని స్వరము వినబడనిచో మృదుస్పర్శను, అన్నియు బిగ్గరగానే పలికినచో కఠినస్పర్శను ఎన్నుకొనవలెను. పిమ్మట గాయకునితో కలిసి ఒక కీర్తనను వాయించి, దూరముగా ఒకరిని కూర్చుండబెట్టి వినుమనవలెను. కీర్తనలోని ప్రతి మాటయు వెనుక వరుసలోని వారికి తెలిసినప్పుడే ఆ సవరణ సరిపోయినట్లు.