పదహారేళ్ళ వెతుకులాట

కూతురికి అమ్మ ముక్కు వస్తుంది. కొడుక్కి నాన్న నడక వస్తుంది. చూసినవాళ్ళు "అచ్చం తండ్రి పోలికే" అంటారు. పోలికలు వచ్చినట్టే జబ్బులు కూడా వంశంలో దిగుతాయా? రొమ్ము క్యాన్సర్ అలా వస్తుందా? ఈ సంగతి తేల్చడానికి ఒక స్త్రీ ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆమె పేరు మేరీ క్లెయిర్ కింగ్.

మేరీ 1946లో అమెరికాలో పుట్టింది. ఆమె ఊరు షికాగో నగరం దగ్గర. చిన్నప్పటి నుంచి ఆమెకు లెక్కలంటే ఇష్టం. ఆమె పదిహేనేళ్ళ వయసులో ఉండగా ప్రాణ స్నేహితురాలు క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ బాధ ఆమె మనసులో ఉండిపోయింది. కాలేజీలో లెక్కలు చదివింది. తర్వాత జన్యువుల గురించి చదివి, 1973లో డాక్టరేటు పొందింది.

జన్యువు అంటే ఏమిటి?

మన ఒళ్ళు కణాలతో తయారైంది. కణం మామూలు కంటికి కనిపించదు. దాని లోపల సన్నని దారాల్లాంటివి 23 జతలు ఉంటాయి. వాటిని క్రోమోజోములు అంటారు. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. ఆ దారాల మీద వరసగా ఉండేవే జన్యువులు. ఒళ్ళు ఎలా పెరగాలో, ఎలా పనిచేయాలో చెప్పేవి ఇవే.

ఆమె ఎలా వెతికింది?

కొన్ని ఇళ్ళల్లో అమ్మమ్మకు, అమ్మకు, కూతురికి కూడా రొమ్ము క్యాన్సర్ వస్తోంది. ఎందుకు? ఒక జన్యువు చెడిపోయి ఉంటుందని మేరీ అనుకుంది. 1974లో పని మొదలుపెట్టింది. చాలామంది శాస్త్రవేత్తలు ఆమె మాట నమ్మలేదు. ఆమె పని మానలేదు.

1579 మంది రోగుల కుటుంబాల వివరాలు తీసుకుని లెక్క కట్టారు. నూటికి నాలుగు కుటుంబాల్లో జబ్బు వంశంలో దిగుతోందని 1988లో తేలింది.

మరి ఆ జన్యువు ఎక్కడుంది? 23 కుటుంబాల వాళ్ళ రక్తం పరీక్షించారు. ఆ ఇళ్ళల్లో 146 మందికి ఈ జబ్బు వచ్చింది. మొదట ఏమీ తేలలేదు. అప్పుడు చిన్న వయసులోనే జబ్బు వచ్చిన కుటుంబాలను వేరు చేసి చూశారు. దారి దొరికింది! ఆ జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని తెలిసింది. 1990లో మేరీ ఈ సంగతి లోకానికి చెప్పింది. అప్పటికి పదహారేళ్ళు గడిచాయి.

1994లో మరో బృందం ఆ జన్యువును పూర్తిగా గుర్తించింది. దాని పేరు బి.ఆర్.సి.ఎ.-1. కణంలో జన్యువులకు దెబ్బ తగిలితే బాగుచేయడం దాని పని. అదే చెడిపోతే క్యాన్సర్ వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇప్పుడు రక్త పరీక్షతో దీన్ని ముందే తెలుసుకోవచ్చు. 2014లో మేరీకి లాస్కర్ బహుమతి ఇచ్చారు.

మనం తెలుసుకోవలసినవి

రొమ్ము క్యాన్సర్ వచ్చిన నూరుమందిలో అయిదు నుంచి పదిమందికే అది వంశం నుంచి వస్తుంది. కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు రాదు" అనుకోకూడదు.

చెడిన జన్యువు తండ్రి నుంచి కూడా రావచ్చు. కొడుకైనా, కూతురైనా బిడ్డకు అది వచ్చే అవకాశం సగం. కాబట్టి "తల్లి వైపు నుంచి తెచ్చింది" అని కోడలిని ఆడిపోసుకోవడం తప్పు. మేనత్తకు, నాయనమ్మకు ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇది శాపం కాదు. అంటుజబ్బు అసలే కాదు.

రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచవద్దు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించాలి. తొందరగా కనిపెడితే నయమయ్యే అవకాశం ఎక్కువ.

చర్చించండి

1. చెడిన జన్యువు తల్లి నుంచే వస్తుందా?
2. చిన్న వయసులో జబ్బు వచ్చిన కుటుంబాలను వేరుగా ఎందుకు చూశారు?
3. ఆడవాళ్ళు రొమ్ములో గడ్డను ఎందుకు దాచుకుంటారు? దాచుకోకుండా ఉండాలంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి?