విశుద్ధిమగ్గమున మైత్రీభావన: సాధనక్రమము, ఫలము

యోగసూత్రములు చదివిన ప్రాచ్యకళాశాలా విద్యార్థికి మైత్రీ కరుణా ముదితా ఉపేక్షలు పరిచితములే. సమాధిపాదము 33వ సూత్రమున పతంజలి వీనిని చిత్తప్రసాదమునకు సాధనములుగా చెప్పినాడు. అయితే మైత్రిని ఎవరితో ఆరంభింపవలెను, ఎక్కడి వరకు కొనసాగింపవలెను అను ప్రశ్నకు సూత్రము సమాధానము చెప్పదు. ఈ నాలుగింటినే బౌద్ధులు బ్రహ్మవిహారములందురు. క్రీ.శ. 5వ శతాబ్దిలో బుద్ధఘోషుడు సింహళమందలి అనురాధపుర మహావిహారమున రచించిన పాళీ గ్రంథము విశుద్ధిమగ్గము 9వ పరిచ్ఛేదమున ఆ క్రమము సవివరముగా ఉన్నది. గ్రంథాంతమున ఆయన ఊరుగా పేర్కొనబడిన మోరండఖేటకము పూర్వపు గుంటూరు జిల్లాలోని కోటనెమలిపురి, గుండ్లపల్లి ప్రాంతమని కొందరు పండితుల అభిప్రాయము. నామార్థసామ్యము ఆకర్షకమే గాని, అది ఒక్కటే నిర్ణయమునకు చాలదు.

సాధకుడు ముందుగా ద్వేషమందలి దోషమును, క్షమయందలి గుణమును విచారింపవలెను. భావన మొదట తనయందే. ఇది స్వార్థము కాదు. తాను సుఖమును కోరునట్లే ఇతరులును కోరుదురనుటకు తానే సాక్షి. పిదప గురుతుల్యుడు, ప్రియమిత్రుడు, ఉదాసీనుడు, చివరకు శత్రువు. మృతుని ఉద్దేశించి ఈ భావన చేయరాదు. శత్రువును తలచినంతనే కోపము పుట్టినచో వెనుకటి వ్యక్తి కడకు మరలి మైత్రిని నిలుపుకొని తిరిగి రావలెను. అప్పటికిని కోపము శమింపనిచో ఉపాయములు పెక్కు చెప్పబడినవి. వానిలో ఒకటి శత్రువునకు కానుక ఇచ్చుట, అతడిచ్చినది పుచ్చుకొనుట. మనస్సు లొంగనిచోట చేతితో ఆరంభింపుమనుట ఆచార్యుని లోకజ్ఞత.

సాధన పరాకాష్ఠకు 'సీమాసంభేదము' అని పేరు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామముల నుండి వచ్చు విద్యార్థులకు దీనిని పొలము గట్టుతో చెప్పవచ్చును. (పాళీ 'మెత్తా'కును మన 'మెట్ట'కును ధ్వనిసామ్యమే తప్ప సంబంధము లేదు.) గట్టు తగవులో తనవాడు, పైవాడు, పగవాడు అను భేదము ఎంత గట్టిదో వారెరుగుదురు. బుద్ధఘోషుని పరీక్ష ఇట్టిది: ప్రియుడు, ఉదాసీనుడు, శత్రువు, తాను కలిసి కూర్చుండగా దొంగలు వచ్చి బలికి ఒకనిని అడిగిరి. సాధకుడు వారిలో ఎవనిని చూపినను గట్టు తెగలేదు. తన్ను తీసికొనిపొమ్మన్నను తెగలేదు! నలుగురిలో ఈయదగినవాడు ఒక్కడును కానరానప్పుడే తెగినట్లు. ఆత్మత్యాగమును సైతము పక్షపాతముగా గణించిన ఈ సూక్ష్మత బోధనలో విడువరానిది.

ఫలములు పదునొకండు. సుఖనిద్ర, సుఖజాగరణము, దుఃస్వప్నము లేకుండుట మొదటివి. చిత్తము శీఘ్రముగా సమాధి నొందుట, మరణకాలమున మోహము లేకుండుట తరువాతి వానిలోనివి. నేడు నిద్రాప్రయోజనమును మాత్రమే ఎత్తి చూపుట పరిపాటియైనది. కాని మూలమున ఇవి మైత్రిని పలుమార్లు అభ్యసించి వాహనముగా చేసికొన్నవానికే చెప్పబడినవి. పైగా మైత్రి చతుర్విధ ధ్యానములలో మూడవదాని వరకే చేర్చును. నాలుగవది ఉపేక్షకు చెందినది.