గోధుమ బీరుకి మీ క్యాలెండర్ పట్టదు

సారా కాయడం అంటే మనకి ఎక్సైజు జీపే గుర్తొస్తుంది. అమెరికాలో బీరుకైతే ఆ భయం లేదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200 గ్యాలన్ల బీరు కాచుకోవచ్చు, అమ్మకూడదు అంతే. సెలవులకి ఊరెళ్లినప్పుడు మాత్రం అక్కడ ఈ ప్రయోగాలు పెట్టకండి, కేసవుతుంది.

ఉద్యోగం చేసుకుంటూ మొదటిసారి కాచేవాళ్లకి నేను చెప్పేది అమెరికన్ వీట్ ఏల్. జర్మన్ గోధుమ బీరులో వచ్చే అరటిపండు, లవంగం వాసన ఈస్ట్ పుట్టించేది. ఇందులో వేసే ఈస్ట్‌కి ఆ గొడవ ఉండదు. బీరు కాస్త మసకగా వచ్చినా ఎవరూ తప్పు పట్టరు.

ధాన్యంతో మొదలుపెట్టకండి. గోధుమ మాల్ట్‌కి పొట్టు ఉండదు, వడకట్టబోతే అంబలిలా బిగుసుకుపోతుంది. అందుకే వడ్ల ఊక కలుపుతారు. బ్రూ షాపులో డబ్బిచ్చి ఊక కొన్న రోజు మా ఊరి రైసుమిల్లు వెనక గుట్ట తలుచుకుని నవ్వుకున్నాను.

ధాన్యం బదులు గోధుమ మాల్ట్ పాకం (ఎక్స్‌ట్రాక్ట్) వాడండి, 19 లీటర్లకి 3 కిలోలు చాలు. పది లీటర్ల నీళ్లు మరిగాక మంట ఆపి సగం పాకం పోసి కలపండి. మంట మీద పోస్తే బెల్లంపాకంలాగే అడుగంటుతుంది. మళ్లీ వెలిగించాక పాలు పొంగినట్టు పొంగుతుంది, ఆ పది నిమిషాల్లో ఏ మీటింగూ పెట్టుకోకండి. పొంగు తగ్గాక చేదు కోసం 28 గ్రాముల కాస్కేడ్ హాప్స్ వేసి గంట మరిగించాలి. ఆఖరి ఐదు నిమిషాలు ఉందనగా మంట ఆపి మిగతా పాకం కలిపి, ఇంకో 14 గ్రాముల హాప్స్ వేసి మళ్లీ మరిగించండి. దింపి గిన్నెని ఐసునీళ్లలో పెట్టి చల్లార్చి, బకెట్‌లోకి వంపి, చన్నీళ్లతో 19 లీటర్లు చేసి, 20 డిగ్రీలకి దిగాకే ఈస్ట్ చల్లండి. మంట ఆపాక తగిలే ప్రతి వస్తువూ శానిటైజర్‌లో మునిగి రావాలి.

పులిసేటప్పుడు దానికదే రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. టెక్సస్ ఎండల్లో నేను బకెట్‌ని నీళ్ల టబ్బులో పెట్టి, కూజాకి చుట్టినట్టు తడి తువ్వాలు చుట్టి, ఆఫీసుకి వెళ్లేముందొకటి, వచ్చాకొకటి ఐసు సీసా మారుస్తాను. అంతకుమించి వారం రోజుల్లో పనేం ఉండదు.

ఒకసారి సోమవారం నుంచి ఆన్‌కాల్ ఉందని ఎనిమిదో రోజే సీసాల్లోకి ఎక్కించేశాను. బకెట్ మూతకున్న ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి కదా అనుకున్నాను. పది రోజులకి అర్ధరాత్రి అల్మారాలో టపా టపా మూడు సీసాలు పేలాయి. అందులోనే ఉన్న నా సూట్‌కి అంటిన పులుపువాసన డ్రై క్లీనింగ్‌కిచ్చినా పూర్తిగా వదల్లేదు. బుడగలు కాదు, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ చూడాలి. మొదట్లో 1.048 దగ్గర ఉన్నది 1.012 అటూఇటూ దిగి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా అదే అంకె చూపిస్తేనే సీసా. ఆ వారం కుదరకపోతే పై వారం చేయండి, బకెట్‌లో ఉన్నందుకు బీరు అలగదు.

సీసాల్లోకి ఎక్కించే ముందు 115 గ్రాముల మొక్కజొన్న చక్కెరని కాసిని నీళ్లలో మరిగించి కలపండి. రెండు వారాలు గదిలోనే ఉంచి, ఒక్క సీసా ఫ్రిజ్‌లో పెట్టి తీసి చూడండి. గ్యాస్ చాలకపోతే మిగతావి ఇంకో వారం కదపకండి.