పెంకుటింటి కుంపటి శ్లాబు గదికి పనికిరాదు

చిన్నోడా,

అక్క మార్గశిరంలో పసిబిడ్డతో బంటుమిల్లి వస్తోందని, నీళ్ల పొయ్యి, బాలింత గది వెచ్చదనం నువ్వే చూసుకుంటావని మీ అమ్మ చెప్పింది. నా కంటి ఆపరేషన్ అయ్యాక పొగ దగ్గరికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సంక్రాంతి దాకా నేను విజయవాడ దాటి రాలేను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. ఈ ఉత్తరం గూట్లో పెట్టుకుని చూసుకుంటూ చెయ్యి.

ముందు కట్టెల సంగతి. 1999లో దీపం పథకం వచ్చాక మన వీధిలో వంటలు ఒక్కో ఇంట్లో గ్యాసుకి మారాయి గానీ, తలంటు నీళ్లు మన ఇంట్లో ఇంకా కట్టెల మీదే కాగుతున్నాయి. కృత్తివెన్ను వైపు ఇసుక నేలల్లో పెరిగిన సరుగుడు తెప్పించు. కొనేముందు రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి విను. ఎండినవైతే ఖంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమని ఊరుకుంటాయి. కోసిన చివర బీటలు వారి ఉండాలి. చవగ్గా ఇస్తామన్నా పచ్చికట్టె వద్దు. హైస్కూల్లో పిల్లలతో ఈ లెక్క వేయించేదాన్ని: కట్టెలో మిగిలిన ఒక్క లీటరు తడి ఆవిరి కావడానికి పట్టే వేడితో బకెట్లో 15 లీటర్ల నీళ్లు 40 డిగ్రీలు వేడెక్కుతాయి. ఆ వేడంతా పొగలో కలిసిపోతుంది, నీకు మిగిలేది కళ్ల మంట.

మడ కట్టె తెస్తామని ఎవరైనా వస్తే మాత్రం గుమ్మం ఎక్కనివ్వకు. మా చిన్నతనంలో అది మామూలుగానే పొయ్యిలోకి వచ్చేది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన చూసినవాళ్లం, సముద్రానికి అడ్డు నిలిచే ఆ చెట్టుని పొయ్యిలో పెట్టలేం. నాగాయలంక వైపు ఆ మడ అడవి ఇప్పుడు అభయారణ్యం కూడా.

రాగి బాయిలర్‌లో నీళ్లు నిండుగా పోశాకే అగ్గిపుల్ల గీయాలి. ఖాళీగా ఉండగా నిప్పు పెడితే అతుకులు కరిగిపోతాయి. అడుగున జల్లెడ మీది బూడిద ముందు దులిపెయ్యి. గాలి కింద నుంచే రావాలి కాబట్టి ఆ దారి మూసుకుంటే మంచి కట్టె కూడా పొగే చిమ్ముతుంది. నడిమి గొట్టంలో కాస్త కొబ్బరి పీచు, దాని మీద ఎండు మట్ట ముక్కలు, అవి అంటుకున్నాక బొటనవేలంత సరుగుడు పుల్లలు, చివరికి లావు ముక్క. గొట్టం కుక్కి నింపకు. కిరసనాయిలు వద్దు, పాలకవర్లు అసలే వద్దు. మంట బాగా అందుకుంటే పైన పొగ దాదాపు కనిపించదు. నల్లగా లేస్తోందంటే గాలి చాలడం లేదని అర్థం. బిడ్డ నీళ్లు తొట్టిలో కలిపాక నీ మోచేత్తో చూడు. అరచెయ్యి వేడికి అలవాటు పడిపోతుంది.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కుంపటి. చుట్టుపక్కల పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు, బాలింత గదిలో కుంపటి పెట్టలేదా అని. మీ నాన్న పుట్టినప్పుడు మా అత్తగారు పెట్టారు. నులక మంచం పక్కన మట్టి కుంపట్లో నిప్పులు ఎర్రగా కణకణలాడుతుంటే, వాటి మీద సన్నటి నీలి మంట ఆడుతుండేది. అయితే అప్పుడది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి, చూరు కింద నుంచి రాత్రంతా గాలి ఆడేది. ఇప్పుడా గదికి శ్లాబు, అద్దాల కిటికీలు వచ్చాయి. తలుపు వేస్తే చీమ దూరే సందు లేదు.

ఆ నీలి మంట ఏమిటో తెలుసా? బొగ్గులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గాలి తగిలి మండిపోతూ ఉండటం. గాలి చాలకపోతే అది మండకుండా గదిలోనే నిండుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. బాలింత అలసిపోయి పడుకుందనుకుంటారు. ఉత్తరాదిన అంగీఠీ (అక్కడి కుంపటి) పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు చలికాలం వస్తే చదువుతూనే ఉంటాం. పొగంతా పోయాకే లోపలికి తెచ్చాం కదా అంటారు మనవాళ్లు. పొగ ఉంటే కనీసం దగ్గొచ్చి లేస్తాం నాన్నా. పొగ లేని ఆ నిప్పులే మనిషిని నిద్రలో తీసుకుపోతాయి.

అందుకని కుంపటి వాకిట్లోనే ఉండాలి. దుప్పట్లు, బిడ్డ బట్టలు అక్కడే వెచ్చచేసి లోపలికి ఇయ్యి. సాంబ్రాణి కూడా అంతే. అక్క తల ఆరబెట్టుకునేటప్పుడు వసారాలో వేయండి, బిడ్డ ముక్కు దగ్గరికి తేవద్దు. మన వైపు ఎంత చలైనా తెల్లవారుజామున 18, 20 డిగ్రీల కంటే పెద్దగా దిగదు. దానికి టోపీ, మేజోళ్లు, తల్లి ఒళ్లు చాలు. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు సరిపోక, నెల తక్కువ పిల్లల్ని డాక్టర్లు తల్లి గుండెకు ఆనించి కట్టించారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ పద్ధతి నేర్పుతున్నారు. ఎవరైనా పట్టుబడితే మామ్మ ఒప్పుకోలేదని నా పేరు చెప్పు. వాళ్లతో నేను మాట్లాడతాను.

ఆ గదిలో తూర్పు కిటికీ రెక్క బిగుసుకుపోయి ఉంది. అక్క వచ్చేలోపు వడ్రంగిని పిలిచి సరిచేయించు, దోమల మెష్ కూడా బిగించమను. పని అయ్యాక నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ్మ