వెంటపడకండి, చెట్టు చూసుకోండి

వ్యక్తిత్వ వికాసం క్లాసుకు వెళ్లినవాళ్లంతా ఒక కథ వినే ఉంటారు. సీతాకోకచిలుక గూడులోంచి బయటికి రాలేక అవస్థ పడుతుంటే ఎవరో జాలిపడి కత్తెరతో గూడు కోశాడట. పాపం, అది ఇక ఎగరలేదట. కష్టపడితేనే రెక్కలొస్తాయని నీతి. హాలంతా చప్పట్లు. చెప్పినాయన గానీ, విన్నవాళ్లు గానీ ఆ గూడును కళ్లారా చూశారా అన్నది నా అనుమానం. వరంగల్‌లో ఉంటూ చూడకపోవడానికి సాకు లేదు. హనుమకొండ కాలనీల్లో కల్యామాకు చెట్టున్న పెరళ్లకు కొదవా?

ఫాల్గుణం వచ్చేసరికి ఊరి బయట మోదుగులు పూస్తాయి, పెరట్లో కల్యామాకు లేత చిగురు వేస్తుంది. నలుపు మీద లేత పసుపు మచ్చల సీతాకోకచిలుక ఒకటి ఆ చిగుళ్ల చుట్టూ తచ్చాడుతుంటుంది. దాని పేరు లైమ్ బటర్‌ఫ్లై. ఆకు మీద వాలి ముందుకాళ్లతో టకటకా తట్టి చూస్తుంది. దానికి రుచి తెలిసేది కాళ్లతోనే. తన పిల్లలు తినే ఆకేనని తేలితే ఒక గుడ్డు పెట్టి లేచిపోతుంది. మూడు నాలుగు రోజులకు బయటికొచ్చే పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్ట తన రెట్టను తినదు కదా! పెద్దదయ్యాక ఆకుపచ్చ రంగుకు మారుతుంది. అప్పుడు పుల్లతో కదిపి చూడండి, తల వెనక నుంచి చీలిన కొమ్ము ఒకటి బయటికి చాచి ఘాటు వాసన కొడుతుంది.

ఆ తర్వాత నడుముకు పట్టుదారం బిగించుకుని కొమ్మకు ఆనుకుని ప్యూపాగా మారుతుంది. కథలో కత్తెర కోసిన దారపు గూడు ఇక్కడ ఉండదు, అది పట్టుపురుగుల వ్యవహారం. పైగా పెంకు పగలగొట్టుకుని రావడం నిమిషాల పని. అసలు సమయం పట్టేది ఆ తర్వాతే. ముడతలు పడ్డ తడి రెక్కలను కిందికి వేలాడదీసుకుని, ఒంట్లోని ద్రవాన్ని వాటిలోకి పంపుతూ, అవి గట్టిపడేదాకా కదలకుండా ఉంటుంది. నీతి కావాలంటే ఇక్కడ వెతుక్కోవాలి. అది పెనుగులాటలో లేదు, కుదురుగా ఉండటంలో ఉంది.

మనకు చేతకానిదీ అదే. ఫోన్ పట్టుకుని సీతాకోకచిలుక వెంట పరిగెత్తేవాళ్లకు మిగిలేది మసకబారిన ఆకు ఫొటో. ‘‘నాకు అంత ఓపిక లేదండీ’’ అంటారు. ఓపిక పుట్టుకతో వచ్చే గుణమని నేననుకోను. ఎక్కడికి వస్తుందో తెలిసినవాడు కూర్చుంటాడు, తెలియనివాడు పరిగెత్తుతాడు. ఇంటర్ చదివే కొడుకు మాట్లాడటం లేదని రోజూ గది తలుపు తట్టే తండ్రి, వాడు ఏ పూట, ఎక్కడ నోరు విప్పుతాడో ఎప్పుడైనా గమనించాడా? రాత్రి అన్నం తిన్నాక డాబా మీద అయితే, ఆ పూట అక్కడ కూర్చుంటే చాలు. ప్రశ్నలు అక్కర్లేదు.

మరియా సిబిల్లా మేరియన్ అనే జర్మన్ చిత్రకారిణి చోటు తెలుసుకుని కూర్చునే ఈ పద్ధతినే పట్టుకుంది. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, పదమూడేళ్లకే పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి పుడతాయని చదువుకున్నవాళ్లు కూడా నమ్మే రోజులవి. ఆమె పురుగును అది తినే మొక్కతో కలిపి గీసేది. 52 ఏళ్ల వయసులో, 1699లో, కూతుర్ని వెంటబెట్టుకుని సురినామ్‌కు ఓడెక్కింది. అక్కడ చూసినవన్నీ 1705లో పుస్తకంగా తెచ్చింది.

మీరు సురినామ్ దాకా పోనక్కర్లేదు, ఖాళీ ప్లాటులోని జిల్లేడుతో మొదలుపెట్టండి. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచున్న ప్లెయిన్ టైగర్ అక్కడికే వస్తుంది. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. అందుకే తీరిగ్గా ఎగురుతుంది. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి మోడల్ దొరకదు. లైమ్ బటర్‌ఫ్లై అలా కాదు, తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది. పొద్దున ఎండ పొడ తగిలేచోట రెక్కలు చాచి ఒళ్లు కాచుకుంటున్నప్పుడే దాన్ని పట్టాలి. మీ నీడ దాని మీద పడనివ్వకండి. మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌ను రెక్కకు సమాంతరంగా పట్టి, కన్ను మీద ఫోకస్ పెట్టి వరసగా నొక్కండి. పది అడుగుల దూరంలో మొదటి ఫొటో, అక్కడి నుంచి అంగుళం అంగుళం ముందుకు.

ఈలోపు పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, ‘‘వదినా, చెట్టంతా పురుగు పట్టింది, మందు కొట్టియ్యరాదూ’’ అంటుంది. రెండు కొమ్మలు పురుగుకు, మిగతావి పప్పుచారుకు అని చెప్పండి. బాగా ఎదిగిన చెట్టుకు ఆ మాత్రం ఆకు పోతే మళ్లీ చిగురిస్తుంది. మందు కొడితే మాత్రం ఫొటోల సంగతి మరిచిపోవచ్చు.

ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటాక వీటి సందడి తగ్గుతుంది. కుండీలకు నీళ్లు పోసి మన్ను తడిగా ఉంచితే ఉప్పుల కోసం కొన్ని మగవి వాలుతాయి. అసలు హడావిడి వానలు పడ్డాకే. అప్పటికి ఒక నిమ్మ మొక్క, గోడవారగా ఒక తంగేడు ఎదిగి ఉండేలా చూసుకోండి. తంగేడు బతుకమ్మకూ పనికొస్తుంది.