వానలు, దోమలు, చలిజ్వరము

చలిజ్వరము వానకాలపు వ్యాధియని మనమందఱము చిన్ననాటినుండి వినుచున్నాము. ఈ మాట కొంతవఱకు నిజమే. కాని దానినే నమ్మి వానలు లేనియేట నిశ్చింతగా నుండుట ప్రమాదమని మేము విన్నవింపగోరుచున్నాము.

1897 ఆగస్టు 20వ తేదీని సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు అనాఫిలిస్ జాతి దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. రోగి రక్తముతో దోమలోనికి బోయిన క్రిమి వెంటనే యితరులకు సోకజాలదు. వెచ్చని కాలమున నది పక్వమగుటకు సుమారు 10, 12 దినములు పట్టును. చలి హెచ్చినకొలది యీ గడువు పెరుగును. సుమారు 16 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగువ క్రిమి పెరుగనే పెరుగదు. గాలిలో తేమ యున్నచో దోమ యెక్కువ దినములు బ్రతుకును. పొడిగాలిలో క్రిమి పక్వము కాకమునుపే చచ్చును. కావున వేడిమి, తేమ, నిలువనీరు అను నీ మూడును కూడినప్పుడే జ్వరము ప్రబలును.

1908లో పంజాబున నతివృష్టి కలిగి పల్లపు భూములు మడుగులాయెను. ఆ శరత్కాలమున చలిజ్వరముచే సుమారు 3 లక్షలమంది మరణించిరి. 1934–35లో సింహళమున దీనికి విపరీతముగా జరిగెను. ఆ ద్వీపపు నైరృతి భాగమున వానలు మెండు. నదీవేగమునకు దోమపిల్లలు కొట్టుకొనిపోవుచుండెను. 1934లో వానలు తప్పి నదులెండగా, ఇసుకలో మడుగులు మిగిలెను. వానిలో దోమలు పెరిగి జ్వరము వ్యాపింపగా సుమారు 80 వేలమంది ప్రాణములు గోలుపోయిరి. ఒకచోట నతివృష్టియు, వేఱొకచోట ననావృష్టియు నీటిని నిలిపి యొకే కీడు తెచ్చినవి.

మన యిండ్లయందును నిట్టిదే కలదు. డెంగీజ్వరమును తెచ్చు దోమ పగటివేళ కుట్టును. కుండలు, తొట్లు, పాత టైర్లు మొదలగువానిలో నిలిచిన తేటనీట పెరుగును. నీటియెద్దడి కలిగినప్పుడు మనము తొట్లు నింపి యుంచుకొందుము గదా! వానలు లేకున్నను నదియే దానికి నివాసము. దాని గ్రుడ్లు తొట్టి గోడల నంటుకొని, యెండినను నెలల తరబడి చెడక, మరల నీరు తగిలినంతనే పిల్లలగును.

గ్రుడ్డు దోమయగుటకు వారము, పది దినములు పట్టును. కావున సోదర విద్యార్థులారా, వారమున కొకసారి తొట్లు ఖాళీచేసి, గోడలు తోమి, ఆరబెట్టుడు. నింపిన పాత్రలపై మూత లుంచుడు. వానలు కురిసినను, కురియకున్నను ఈ పని మానకుడు.