థార్ ఎత్తు పెంచితే ఇంకేం మార్చాలి?

ప్రశ్న: మాది అచ్చంపేట. నల్లమల అంచున ఉన్న పొలానికి వెళ్లడానికి నా థార్‌ను రెండు అంగుళాలు లేపించాలనుకుంటున్నాను. స్ప్రింగులు మారిస్తే చాలా?

జవాబు: చాలదండీ. కొత్త ఎత్తుకు సరిపడే షాక్ అబ్జార్బర్లు కూడా వేయించండి. చక్రాలు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు బిగుసుకోకూడదు. ముందు డ్రైవ్ షాఫ్టుల వంపు పెరిగితే వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. వెనుక పాన్‌హార్డ్ రాడ్డును సరిచేయకపోతే ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. చివరగా వీల్ అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల వెలుగును కిందికి దించండి.

ఎత్తు పెరిగిన బండి మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది. శ్రీశైలం ఘాట్‌లో వేగం తగ్గించి నడపండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 తయారీదారు వివరాలకు భిన్నమైన మార్పులను అడ్డుకుంటుంది. అందుకే ముందుగా ఆర్టీవో కార్యాలయంలో, బీమా కంపెనీలో అడగండి. పొలం బాట కోసమే అయితే ముందు మంచి పట్టున్న టైర్లు వేయించి చూడండి.